ముప్పై ఎనిమిదో పెట్టె

ఆ వీధిలో ఆవిడను అసలు పేరుతో ఎవరూ పిలవరు. పెద్దవాళ్ళకు భూతద్దంగారు, పిల్లలకు భూతద్దం అత్త. మొదట్లో చాటుగానే అనేవాళ్ళు. ఒకరోజు కూరగాయల కొట్టాయన నోరు జారి ముఖం మీదే అనేశాడు. ఆవిడ కోప్పడలేదు సరికదా, మెడలో నల్లతాడుకు వేలాడే బుల్లి భూతద్దాన్ని కంటికి ఆనించి, కొట్టాయన ఉంగరంలోని ఎర్రరాయిని అక్కడికక్కడే పరీక్షించి, "గాజండీ. కానీ మంచి గాజు" అని చెప్పి వంకాయలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నెల్లాళ్ళు కొట్టాయన ఆ చెయ్యి జేబులోంచి తియ్యకుండానే బేరం చేశాడు.

ఆవిడ ఉద్యోగం కళ్ళద్దాల షాపు వెనక గదిలో. ముందు గదికి సోకులన్నీ ఉన్నాయి: నిలువుటద్దాలు, దీపాలు, మెత్తటి కుర్చీలు. వెనక గదికి ఒక కిటికీ, ఒక బల్ల, అంతే. బల్ల మీద లెన్సు అంచులు అరగదీసే మిషను, చీమ తలకాయంత స్క్రూలున్న డబ్బా, మూలగా స్టీలు తొట్టె ఉన్న క్లీనింగ్ మిషను. దానిలో నీళ్ళు పోసి మీట నొక్కితే అవి కంటికి కనిపించనంత సన్నగా వణికి, ఏ సందులో మురికినైనా వదలగొడతాయి. గుండ్రటి లెన్సును ఫ్రేము ఆకారానికి అరగదీయడం, బిగించడం, వెలుతురుకు పట్టి గీతో బుడగో ఉందేమో చూడటం, తొట్టెలో రెండు నిమిషాలు ఉంచడం, మెత్తటి గుడ్డతో తుడిచి ముందు గదికి పంపడం. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే వరస. ఆవగింజలో సగం బుడగ కనిపించినా ఆ లెన్సు చెత్తబుట్టకే పోతుంది. చెప్పాలంటే, రోజంతా లోపాలు వెతికి పారెయ్యడానికే ఆవిడకు జీతం.

అలాంటి మనిషి ఇంటికొచ్చి చేసే పనేమిటయ్యా అంటే, లోపాలున్న రాళ్ళను ఏరి దాచుకోవడం!

దీనికి కారకుడు ఒక క్వారీ పనివాడు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో, విరిగిన ఫ్రేమును ఆవిడ ఓపిగ్గా అతికించి ఇస్తే, ఆయన సంతోషంతో జేబులోంచి బొటనవేలంత స్ఫటికం తీసి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. అలవాటు కొద్దీ ఆవిడ దాన్ని కిటికీ వెలుతురుకు పట్టింది. లోపల బుడగ ఉంది. అయ్యో అనుకుంటూ పక్కకు వంచింది. బుడగ కదిలింది. రాతి కడుపులో ఒక నీటి చుక్క, ఆ చుక్కలో బుడగ, ఎటు వంచితే అటు జరుగుతోంది. మనిషన్నవాడు పుట్టకముందు ఎప్పుడో చిక్కుకుపోయిన నీళ్ళు ఇప్పుడు తన రెండు వేళ్ళ మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాయని తెలిసి, ఇరవై రెండేళ్ళ ఆ పిల్లకు ఒళ్ళు జలదరించింది. తెచ్చుకున్న టీ తొరక కట్టిపోయింది. ఆరోజు మొదటిసారి షాపు యజమాని చేత చీవాట్లు తింది, అయినా లెక్కచెయ్యలేదు.

అది ఒకటో పెట్టె. పెట్టె అంటే మరేం కాదు, షాపులో జనం వదిలేసిపోయే పాత కళ్ళద్దాల పెట్టె. ఇప్పుడు అలాంటివి అరవై ఒకటి ఉన్నాయి. రాళ్ళు సానపట్టేవాళ్ళు పనికిరావని పక్కన పడేసినవి, నగలవాళ్ళు పెదవి విరిచినవి, ఆవిడకు కళ్ళకద్దుకునేటంత అపురూపం. లోపల ఎర్రటి సూదులు పోసినట్టున్న స్ఫటికం, పట్టుదారాలు పరిచినట్టున్న నీలం, తేనెలో పంచదార కరుగుతున్నట్టు కనిపించే గోమేధికం. ప్రతి పెట్టెలోనూ ఒక కార్డు, కార్డులో నాలుగు పంక్తులు: ఏమిటి, ఎక్కడిది, ఎప్పుడు, లోపం. మొదటి మూడూ పొట్టిగా ఉంటాయి. నాలుగోదే కార్డు నిండిపోయి కొన్నిసార్లు వెనక్కి కూడా తిరుగుతుంది.

"ఇన్ని రాళ్ళున్నాయి, ఒక్కటీ పెట్టుకోవేం?" అని అడిగినవాళ్ళకు ఆవిడ జవాబు ఒకటే. "వేలికి పెట్టుకుంటే మీకు కనిపిస్తుంది. పెట్టెలో ఉంటే నాకు కనిపిస్తుంది."

భర్త సిటీ బస్సు డ్రైవరు. సరదా మనిషి. "ఇల్లు కూలినా దిగుల్లేదు, మళ్ళీ కట్టుకోవడానికి రాళ్ళు సిద్ధంగా ఉన్నాయి" అంటూ ఉంటాడు. అంటూనే పెట్టెల కోసం గోడకు అరలు కొట్టింది ఆయనే, దుమ్ము పడకుండా తలుపులు బిగించిందీ ఆయనే.

అరవై ఒకటి అన్నానా, నిజానికి రాళ్ళు అరవైయే. ముప్పై ఎనిమిదో పెట్టె ఖాళీ. పదకొండేళ్ళ కిందట ఒక పచ్చ బేరం కుదిరిందని ముందే కార్డు మీద "పచ్చ" అని రాసుకుంది. చివరి నిమిషంలో అది ఇంకొకరి పాలైంది. రాసిన కార్డు చింపడానికి చేతులు రాలేదు. నికార్సయిన పచ్చ, ఎంత మచ్చలదైనా, ఆవిడకు అందే ధరలో మళ్ళీ దొరకలేదు. అందుకని తన రాళ్ళ పుస్తకాన్ని అట్టలు ఊడేదాకా చదివినా, పచ్చల అధ్యాయం మాత్రం ముట్టుకోలేదు. లేనిదాని గురించి చదువుకుని ఉడుక్కోవడం ఎందుకని.

అలాగని ఆ కుటుంబంలో పచ్చ లేక కాదు. ఉంది. కాపురానికి వచ్చిన రోజే అత్తగారు కొత్త కోడలికి చూపించింది, బంగారు ఉంగరంలో చింతగింజంత పచ్చ. "మచ్చ లేని పచ్చ. మన ఇంటికే గొప్ప" అంది. కోడలు ముచ్చటపడి భూతద్దం తియ్యబోతే, ఆవిడ చటుక్కున గుప్పిట మూసేసింది. "లెన్సు పెట్టి చూసేంత అనుమానమా మా మాట మీద?" అంది. ఆ మూసిన గుప్పిట కోడలి మనసులో ముల్లులా ఉండిపోయింది. అత్తగారు పోయాక ఉంగరం కూతురికి వెళ్ళింది, అంటే మన భూతద్దంగారి వదినకు.

వదిన హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. రిటైరైంది బడికే, మిగతా ప్రపంచానికి కాదు. ఇప్పటికీ ఎవరు మాట్లాడినా మనసులో మార్కులు వేసుకుంటూ వింటుంది. మరదలి రాళ్ళకు ఆవిడ పెట్టిన పేరు గులకరాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఆ అరల తలుపు తెరిచి చూసింది లేదు.

ఇలా ఉండగా లైబ్రరీవాళ్ళు శని, ఆదివారాల్లో ఊరివాళ్ళ సరదాల ప్రదర్శన పెడుతున్నామని, భూతద్దంగారికి హాలు మధ్యలో పెద్ద అద్దాల బల్ల ఇస్తామని కబురు చేశారు. ఆవిడ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ సంతోషంలోనే ధైర్యం తెచ్చుకుని, సోమవారం వదిన ఇంటికి వెళ్ళి అడిగేసింది.

"వదినా, రెండు రోజులకి అత్తయ్యగారి ఉంగరం ఇస్తారా? నా దగ్గర పచ్చ ఒక్కటే లేదు."

వదిన కళ్ళజోడు కిందికి దించి చూసింది. "నీ గులకరాళ్ళ మధ్యన మా అమ్మ పచ్చా?"

"మధ్యన కాదు వదినా, ముందు పెడతాను."

ఆ జవాబు నచ్చిందో ఏమో, వదిన బీరువా తెరిచింది. "చూడమ్మాయ్, ఎలా ఇస్తున్నానో అలాగే తిరిగి రావాలి. మచ్చ లేని పచ్చ అని రాయి కార్డు మీద. తప్పుల్లేకుండా రాయి."

మంగళవారం మధ్యాహ్నం షాపులో భోజనాల వేళ, వెనక గది తలుపు దగ్గరకు వేసుకుని ఆవిడ ఉంగరం బయటికి తీసింది. ఏళ్ళ తరబడి బీరువాలో ఉండి మకిలి పట్టింది. భూతద్దం పెట్టే ముందు శుభ్రం చెయ్యాలి కదా. ముప్పై నాలుగేళ్ళ అలవాటు, చెయ్యి తనంతట తనే కదిలింది. తొట్టెలో వేసింది, మీట నొక్కింది, రెండు నిమిషాలు. తన స్ఫటికాలనూ నీలాలనూ ఎన్నిసార్లు అందులో కడగలేదు!

గుడ్డతో తుడిచి కిటికీ వెలుతురుకు పట్టింది. పచ్చ మధ్యలో మూడు తెల్లటి పగుళ్ళు. ఒకటి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మిగతా రెండూ దానికి కొమ్మల్లా. తుడిచింది, పోలేదు. మళ్ళీ తుడిచింది. ముందు గదిలోంచి యజమాని "ఆ బైఫోకల్ అయిందా అమ్మా?" అని మూడుసార్లు కేకేస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులైనా విడవకుండా పుస్తకం తీసి పచ్చల అధ్యాయం తెరిచింది. మొదటి పేజీలోనే ఉంది. పచ్చల్లో పుట్టుకతోనే సన్నటి పగుళ్ళు ఉంటాయట. వాటిలోకి నూనె పట్టిస్తే కంటికి కనిపించవట. వణికే నీళ్ళలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కడగకూడదట, నూనె బయటికి వచ్చేస్తుందట. అన్నీ తెలుసని మెడలో లెన్సు వేసుకుని తిరిగిన మనిషికి, ఆ నాలుగు పంక్తులు చెంప ఛెళ్ళుమనిపించాయి.

భర్త పక్కన కూర్చుని తనూ చదివాడు. "మరింకేం? గోరువెచ్చటి నూనెలో నానబెడితే మళ్ళీ మామూలైపోతుందని ఇక్కడే రాసుందిగా. పెట్టెయ్యి. అక్కకి తెలిసేదెలా?"

అదీ నిజమే. ఎవరికీ తెలియదు. ఆవిడ ఉంగరాన్ని దీపం కిందికి తెచ్చి భూతద్దం పెట్టింది. అప్పుడు కనిపించింది, పెద్ద పగులు మొదట్లో పసుపుపచ్చగా ఎండి గట్టిపడిన ఒక పొర. పాత నూనె. ఇవ్వాళ్టిదీ నిన్నటిదీ కాదు, ఏళ్ళనాటిది.

"ఈ పగుళ్ళు నావల్ల వచ్చినవి కావండీ" అంది మెల్లగా. "ఎప్పటినుంచో ఉన్నాయి. ఎవరో కప్పెట్టారు."

"హమ్మయ్య! బతికిపోయావు" అన్నాడాయన.

ఆవిడకు మాత్రం ప్రాణం కుదుటపడలేదు. పైగా బరువు పెరిగింది. పోగొట్టిన నూనె సంగతి చెప్పాలంటే, మచ్చ లేని పచ్చ అని తల్లి ఊరంతా చెప్పుకున్న మాట నిజం కాదనీ చెప్పాలి. అదీ ఎవరికి? తప్పు దిద్దడమే తప్ప దిద్దించుకోవడం ఎరగని వదినకు. నూనె పెట్టి నోరు మూసుకుంటే అందరికీ క్షేమం. పెట్టేసేదే. కానీ బల్ల ముందు కూర్చుని, కార్డు తీసి, నాలుగో పంక్తి దగ్గరకు వచ్చి, "లోపం: లేదు" అని రాయబోతే కలం సాగలేదు. అరవై కార్డుల్లో ఆ మాట ఎక్కడా లేదు. ఈ ఒక్క కార్డు అబద్ధమాడితే మిగతా అరవైని ఎవరు నమ్ముతారు? వాళ్ళ సంగతి తర్వాత, తను నమ్మగలదా? ఆవిడకు డబ్బు లేదు, పెద్ద చదువు లేదు. ఉన్నదల్లా ఆ నాలుగో పంక్తే.

బుధవారం సెలవు పెట్టి వదిన ఇంటికి వెళ్ళింది. గుమ్మంలోనే చెప్పేసింది, తడబడుతూ, కానీ ఏదీ దాచకుండా. తొట్టె సంగతి, చదవని అధ్యాయం, పగుళ్ళు, పాత నూనె, అన్నీ.

వదిన ముఖం జేవురించింది. "మా అమ్మ అబద్ధం చెప్పిందంటావా?"

"నేను అత్తయ్యగారిని ఏమీ అనడం లేదు వదినా. రాయిలో ఏముందో చెబుతున్నాను. మీరే చూడండి." మెడలోంచి భూతద్దం తీసి చేతికిచ్చింది. "కంటికి బాగా ఆనించండి. రాయిని దగ్గరకు తీసుకురండి. ఇంకా. ఇంకొంచెం."

వదిన విసుగ్గానే కిటికీ దగ్గరకు వెళ్ళింది. చూసింది. చూస్తూ ఉండిపోయింది. మరదలు చీవాట్లకు సిద్ధపడి నిలబడే ఉంది.

"లోపల నాచులా ఉందేమిటి?" అంది వదిన చివరికి, గొంతు తగ్గించి. "ఆ పగులు పక్కనే... పాకుతున్నట్టు..."

"అవును వదినా. అది తోటలా ఉంటుంది. ఏ రెండు పచ్చల్లోనూ ఒక్కలా ఉండదు. అత్తయ్యగారి పచ్చ ఇదేనని నేను వెయ్యి పచ్చల్లోంచి గుర్తుపట్టగలను, ఆ తోట ఉంది కాబట్టే. మచ్చ లేకపోతే ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

వదిన భూతద్దం దించలేదు. అలాగే నిలబడి, రాయితో చెబుతున్నట్టుగా అంది: "చెంచా."

"ఏమిటి వదినా?"

"అమ్మ ఏటా ఒకసారి చిన్న చెంచాలో నూనె వెచ్చబెట్టి ఉంగరం అందులో ముంచి ఉంచేది. తలుపేసుకుని మరీ. ఎందుకే అంటే, మెరుపు కోసం అనేది. నేను ఆ చాదస్తం నాకెందుకని మానేశాను." కళ్ళజోడు తీసి తుడుచుకుంది, అద్దాలకు ఏమీ కాకపోయినా. "తెలుసన్నమాట ఆవిడకి. బతికినన్నాళ్ళూ తెలుసు."

అప్పుడు మరదలికి కాపురానికి వచ్చిననాటి మూసిన గుప్పిట గుర్తొచ్చింది. అది తనను చిన్నబుచ్చడానికి మూసిన గుప్పిట కాదు. పట్టుబడిపోతానేమోనని భయపడి మూసింది. ఇంటి మొత్తంలో ఆ పచ్చను నిజంగా చూడగలిగిన మనిషి కొత్త కోడలొక్కతేనని అత్తగారు ఆ రోజే కనిపెట్టింది. ముప్పై ఏళ్ళ ముల్లు ఆ క్షణాన ఊడి వచ్చింది. ఆవిడకు గర్వంతో కళ్ళు చెమర్చాయి, ఆ ముసలావిడ మీద ప్రేమా ముంచుకొచ్చింది.

"నూనె పెట్టి తెచ్చేదా వదినా?"

వదిన ఆలోచించింది. "వద్దు. ఇలాగే పెట్టు. కార్డు రాసి ముందు నాకు చూపించు."

అక్కడే, వదిన బల్ల మీదే రాసింది. ఏమిటి: పచ్చ. ఎక్కడిది: మా అత్తగారిది, ఇప్పుడు వదినగారిది. ఎప్పుడు: నేను కాపురానికి రాకముందు. లోపం: పగుళ్ళు మూడు, పుట్టుకతో వచ్చినవి. వాటిని అత్తగారు తన చేతులతో ఏటా నూనెతో కాపాడారు. ఆ నూనె పోగొట్టింది నేను.

వదిన రెండుసార్లు చదివి, ఎర్రకలంతో మూలన 9/10 అని వేసింది.

"ఒక మార్కు ఎందుకు తగ్గింది వదినా?"

"చదవకుండా వదిలేసిన పాఠానికి."

శనివారం పదింటికల్లా లైబ్రరీ హాలు కిక్కిరిసింది. తపాలా బిళ్ళల బల్ల, పాత తాళాల బల్ల, సీతాకోకచిలుకల బల్ల ఉన్నాయి, అయినా జనం గుంపు రాళ్ళ బల్ల దగ్గరే. ఒకటో పెట్టెలో బుడగను కదిలించి చూపించేసరికి, తాళాల బల్లాయన తన తాళాలకు కాపలా కూడా మరిచి వచ్చి నిలబడ్డాడు. కూరగాయల కొట్టాయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే వచ్చాడు పాపం. భూతద్దంగారు నిలువెల్లా పొంగిపోయింది. పొంగిపోదూ మరి! ముప్పై నాలుగేళ్ళ ప్రేమ, ఇన్ని కళ్ళ ముందు.

పదకొండింటికి వదిన వచ్చింది. వచ్చి ఊరికే ఉండే మనిషా? ఐదు నిమిషాల్లో జనాన్ని వరసలో నిలబెట్టింది. "తోసుకోకండి. ఒకరి తర్వాత ఒకరు. లెన్సు కంటికి ఆనించాలి, రాయికి కాదు." పచ్చ దగ్గరకు వచ్చిన ప్రతివాళ్ళకూ కార్డు పైకి చదివి వినిపించింది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, పగుళ్ళతో సహా.

ఒక నగల షాపాయన వంగి చూసి పెదవి విరిచాడు. "పగిలిందండీ. దీనికి ధర పలకదు."

"ధర అడిగిందెవరు?" అంది వదిన. "ఇది మా మరదలి బల్ల. ఆవిడ లోపలుండేది చూపిస్తుంది. చూశారుగా, జరగండి, వెనక జనం ఉన్నారు."

మా మరదలి బల్ల! భూతద్దంగారు ఆ మాట విననట్టే నటిస్తూ, అప్పటికే అద్దంలా మెరుస్తున్న బల్లను మళ్ళీ తుడిచింది.

ఆదివారం సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక, ఆవిడ ఉంగరాన్ని గుడ్డలో చుట్టి వదిన చేతిలో పెట్టింది. వదిన గుడ్డ విప్పి, ఉంగరాన్ని వేలికి తొడుక్కుంది. ఇన్నేళ్ళూ బీరువా దాటని ఉంగరం, మూడు పగుళ్ళూ కనిపిస్తుండగానే.

"ఇది నీకిస్తాననుకుంటున్నావేమో, ఇవ్వను" అంది. "మా అమ్మది. పెట్టుకుంటాను."

"పెట్టుకోండి వదినా. మీకు బాగుంది." మనస్ఫూర్తిగానే అంది.

"ఆ ఖాళీ పెట్టె ఏదీ?"

భర్త అట్టపెట్టెలో సర్దుతున్న పెట్టెల్లోంచి ముప్పై ఎనిమిదోది వెతికి తీసి ఇచ్చాడు. వదిన చేతిసంచీలోంచి కాగితం చుట్టిన పొట్లం తీసింది. విప్పితే చిన్న చెంచా. అడుగు నల్లబడింది, కాడ మీద గీతలు. దాన్ని కళ్ళద్దాల పెట్టెలో పెడితే, కొలిచి చేసినట్టు సరిగ్గా పట్టింది. ఆ పెట్టెల్లో రాళ్ళెప్పుడూ అటూ ఇటూ దొర్లేవి. ఇది కదల్లేదు.

"ఏటా నీ దగ్గరకు ఉంగరం తెస్తాను" అంది వదిన. "నూనె పెట్టడం ఇక నీ పని. అమ్మ తర్వాత ఈ పచ్చ సంగతి తెలిసింది నీకే."

భూతద్దంగారు కలం తీసింది. కార్డు మీద పదకొండేళ్ళ కిందట రాసిన "పచ్చ" అన్న మాటను ఒక గీతతో కొట్టేసి, పక్కన "చెంచా" అని రాసింది. ఎక్కడిది: అత్తగారిది. ఎప్పుడు: ఈ రోజు. నాలుగో పంక్తి దగ్గర ఆగి, అలవాటు ప్రకారం చెంచాను కిటికీ వెలుతురుకు పట్టి, భూతద్దం కంటికి ఆనించి అడుగు నుంచి కాడ చివరి దాకా చూసింది. వదిన, భర్త, ఇద్దరూ చెరోవైపు వంగి చూస్తున్నారు.

లోపం: కాడ కుడివైపుకు కొద్దిగా వంగి ఉంది. ఏటా పట్టుకున్నవారిది కుడిచెయ్యి.